నువ్వు అట్టాంటోడివి కాదులే

మొన్న పీర్ల పండక్కి వెలిగండ్ల పోయాను. బస్టాండు దగ్గర టీ బంకులో నా చిన్ననాటి దోస్తు కలిశాడు. ఐదో తరగతి నుంచి పదో తరగతి దాకా మాది ఒకే బెంచీ. ఇప్పుడు బెంగుళూరులో బేల్దారి పనుల మేస్త్రీ. పండక్కని అతనూ వచ్చాడు. వాళ్ళ తాత కాలం నుంచి ఒక పీరు ఎత్తేది వాళ్ళింటోళ్ళే. "ఏం బావా, ఎప్పుడొచ్చావు?" అని కావలించుకున్నాడు. రెండు టీలు చెప్పాడు. టీ వచ్చేలోపల ఫోను తీసి ఒక వీడియో చూపెట్టాడు. ఎక్కడో ఉత్తరాదిన ఎవరో గడ్డపాయన ఏదో అరుస్తున్నాడు. కింద తెలుగులో ఎవరో రాసిన రాతలు. "చూడు బావా, మీవోళ్ళు ఎట్ట తయారైనారో. ఇంకో ఇరవై ఏళ్ళుంటే మమ్మల్ని బతకనియ్యరు" అన్నాడు. అప్పుడు నా మొహం చూశాడు. భుజమ్మీద చెయ్యేశాడు. "నిన్ను గాదులే. నువ్వు అట్టాంటోడివి కాదులే" అన్నాడు.

ఈ మాట నాకు కొత్తది కాదు. మొదటిసారి 1992 డిసెంబరులో విన్నాను. అప్పుడు నాకు పన్నెండేళ్ళు. బాబ్రీ మసీదు కూల్చిన వార్త దాదా రేడియోలో ఉర్దూలో విని, తలుపులు వేసుకుని కూర్చున్నాడు. నేను బడికి పోయాను. ఎవరో పిల్లవాడు నన్ను ఏదో అన్నాడు. సారు వాణ్ణి కసిరి, "వీడు అట్టాంటోడు కాదురా" అన్నాడు. నాకు ఏనుగెక్కినంత సంతోషమైంది. ఇంటికొచ్చి అమ్మీకి చెప్పుకున్నాను. ముప్పై ఏళ్ళపాటు ఆ మాటని మెప్పుగానే దాచుకున్నాను. పత్రికలో చేరాక కూడా, ఎవరైనా "మీరసలు ముస్లిం అనిపించరండీ" అంటే నవ్వి థాంక్స్ చెప్పినవాణ్ణే.

ఈ వ్యాసం ఆ ఒక్క మాట గురించి. మతం పేరుతో నడిచే రాజకీయానికి మామూలు మనుషులు మనసిచ్చే తీరుని అర్థం చేసుకోవాలంటే పెద్ద నాయకుల ఉపన్యాసాలకంటే ఈ చిన్న మాటే ఎక్కువ పనికొస్తుందని నా అభిప్రాయం.

ముందు ఓట్ల సంగతి. మన లౌకిక మిత్రులు ఈ విషయాన్ని ఎప్పుడూ ఓట్లలోనే కొలుస్తారు. 1998 లోక్‌సభ ఎన్నికల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బి.జె.పి.కి సుమారు 18 శాతం ఓట్లు, నాలుగు సీట్లు వచ్చాయి. 1999లో తెలుగుదేశంతో కలిసి పోటీచేసి ఏడు గెలిచింది. 2019కి వచ్చేసరికి ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ ఎన్నికల్లో ఆ పార్టీకి ఒక్క శాతం కూడా రాలేదు. 'ఎవరికీ కాదు' మీటకి పడిన ఓట్లు దానికంటే ఎక్కువ. 2024లో పొత్తులో మూడు లోక్‌సభ, ఎనిమిది అసెంబ్లీ సీట్లు వచ్చాయి. ఈ లెక్కలు చూసి మనవాళ్ళు కొన్నాళ్ళు భయపడతారు, కొన్నాళ్ళు గుండెలమీద చెయ్యేసుకుని నిద్రపోతారు.

నా దోస్తు ఎప్పుడూ ఆ పార్టీకి ఓటెయ్యలేదు. వాళ్ళ కుటుంబం ఓట్లు ఊరి లెక్కల ప్రకారం, కులం లెక్కల ప్రకారం, అప్పిచ్చినవాడి లెక్క ప్రకారం పడతాయి. కానీ ఆ పార్టీ చెప్పే మాటలన్నీ అతని నోట్లో ఉన్నాయి. ముస్లిములు పిల్లల్ని ఎక్కువ కంటారు, రిజర్వేషన్లు తినేస్తున్నారు, దేశం మీద ప్రేమ లేదు. పార్టీ లేకుండానే పార్టీ మనసు ఊళ్ళోకొచ్చింది. ఓటు తర్వాతెప్పుడో వస్తుంది. రాకపోయినా ఫరవాలేదు, ఎందుకంటే మనసు మారిన ఊళ్ళో ఏ పార్టీ అయినా ఆ మాటలే మాట్లాడాల్సి వస్తుంది.

ఈ మనసుకి మనం పెట్టిన పేరు 'మతోన్మాదం'. ఆ పేరుతోనే నాకు పేచీ. ఉన్మాదం అంటే పిచ్చి. పిచ్చివాడికి బాధ్యత ఉండదు, కారణం ఉండదు, లాభం ఉండదు. ఆ పేరు పెట్టగానే మన పని అయిపోతుంది. వాళ్ళు పిచ్చివాళ్ళు, మనం తెలివైనవాళ్ళం. సభ పెట్టి, కరపత్రం వేసి, 'మతోన్మాదం నశించాలి' అని ఇంటికి పోతాం. నా దోస్తు పిచ్చివాడు కాదు. అప్పులు వాయిదా తప్పకుండా కడతాడు. కూతుర్ని ఇంజినీరింగు చదివిస్తున్నాడు. మా అబ్బాకి ఒంగోల్లో ఆపరేషనైనప్పుడు రక్తమిచ్చింది అతనే. ఇట్లాంటివాడి నోట్లోకి ఆ మాట ఎట్లా వచ్చిందన్నది ప్రశ్న. 'ఉన్మాదం' అనేది దానికి జవాబు కాదు, ప్రశ్నని తప్పించుకునే దారి.

ఈ ప్రశ్నని యూరప్ మనకంటే ముందు వేసుకుంది. హిట్లర్ అధికారానికొచ్చిన 1933లోనే విల్‌హెల్మ్ రైక్ ఫాసిజం వెనక ఉన్న జనం మనస్తత్వం మీద పుస్తకం రాశాడు. ఆకలిగొన్నవాడు ఎందుకు తిరగబడతాడన్నది కాదు, తన నష్టానికి తనే ఎందుకు చప్పట్లు కొడతాడన్నది ఆయన ప్రశ్న. 1941లో ఎరిక్ ఫ్రామ్ స్వేచ్ఛ ఒక బరువనీ, ఒంటరివాడైన మనిషి ఆ బరువు దించుకోవడానికి బలవంతుడి నీడకి పోతాడనీ అన్నాడు. 1950లో అడోర్నో, ఆయన సహచరులు అమెరికాలో వేలాదిమందికి ప్రశ్నావళులిచ్చి 'నిరంకుశ వ్యక్తిత్వం' అనేదొకటి ఉందని చెప్పారు. చిన్నప్పుడు కఠినమైన పెంపకంలో నలిగి, పైవాడికి వంగి, కిందివాడిని తొక్కే మనిషి అన్నమాట.

వీటన్నిట్లో నిజముంది. కానీ మన ఊళ్ళకి తెచ్చి చూస్తే ఒకచోట పొసగదు. తండ్రికి భయపడని కొడుకు, పెద్దకులానికి వంగని ఇల్లు మన పల్లెల్లో ఎన్ని? పెంపకమే కారణమైతే వందేళ్ళ కిందటే ఈ ద్వేషం నిండిపోయి ఉండాలి. అప్పుడు మా తాతలు, వాళ్ళ తాతలు కలిసి పీర్ల గుండం తొక్కారు. పెంపకం మారలేదు, ద్వేషం మాత్రం పెరిగింది. కాబట్టి కారణం ఇంకెక్కడో ఉంది.

మన తెలుగునేల మీద ఈ విషయంలో గట్టిగా జరిగిన పరిశోధన ఒకటే నాకు తెలుసు. మనస్తత్వ విశ్లేషకుడు సుధీర్ కాకర్ రాసిన 'ద కలర్స్ ఆఫ్ వయొలెన్స్'. 1990ల నడుమ వచ్చింది. 1990 డిసెంబరు హైదరాబాద్ అల్లర్లు దానికి ఆధారం. ఆయన పాతబస్తీకి పోయి పార్దీవాడ హిందువులతో, కార్వాన్ ముస్లిములతో, రెండువైపులా కత్తిపట్టిన పహిల్వాన్లతో కూర్చుని మాట్లాడాడు. సాధ్వి రితంభర ఉపన్యాసాన్ని వాక్యం వాక్యంగా విప్పిచూశాడు. 2024లో పోయిన ఈ రచయిత మీద నాకు గౌరవం ఉంది. దేశ విభజన కథలు వింటూ పెరిగిన పంజాబీ హిందువు. తన మనసులో ఉన్న ముస్లిం భూతాన్ని కూడా బల్లమీద పెట్టి పరీక్షించుకున్నవాడు. మనం మనలో దాచుకోలేని చెడునంతా పక్కవాడి నెత్తిన పెట్టి, వాణ్ణి చూసి భయపడతామని ఆయన చూపించాడు. అల్లర్ల రోజుల్లో పాలల్లో విషం కలిపారని పుట్టే పుకార్లు ఎంత లోతైన, ఎంత పసితనపు భయాన్ని తాకుతాయో చెప్పాడు. మన వార్తాపత్రికల్లో అప్పట్లో ఆ అల్లర్ల గురించి వచ్చిన రాతలకంటే ఇది నూరుపాళ్ళు మెరుగు.

అయినా నాకు మూడు అభ్యంతరాలున్నాయి.

మొదటిది. ఆయన రెండు గుంపుల్ని త్రాసులో రెండు తట్టలుగా పెడతాడు. వీళ్ళ భయం ఇంత, వాళ్ళ భయం ఇంత. మనసు వరకు అది సరే. కానీ వీధిలో ఆ రెండు భయాలకీ ఒకే బలం లేదు. ఒక భయం వెనక పోలీసు స్టేషనుంది, రెండో భయం ముందర పోలీసు స్టేషనుంది.

రెండోది కుర్చీ. ఆ అల్లర్ల వేడిలోనే 1990 డిసెంబరులో మర్రి చెన్నారెడ్డి ముఖ్యమంత్రి పదవి దిగారు, నేదురుమల్లి జనార్దనరెడ్డి ఎక్కారు. తనని దించడానికే అల్లర్లు చేయించారని చెన్నారెడ్డి స్వయంగా అన్నారు. అందులో ఎంత నిజమన్నది వేరే సంగతి. ఒక ముఖ్యమంత్రే అట్లా అనగలిగిన రాష్ట్రంలో జనం మనసుని మాత్రమే కోసిచూస్తే సరిపోదు. కోపం ఎక్కడ పుట్టిందో మనస్తత్వ శాస్త్రం చెప్పగలదు. దాన్ని ఏ రోజు, ఏ వీధిలోకి, ఎవరు తోలుకొచ్చారో చెప్పదు.

మూడోది నా సొంత ఊరిది. హైదరాబాదీ ముస్లిం పెద్దింటివాళ్ళలో పోయిన రాజ్యం కోసం ఏడ్చే బాధని ఆయన 'అందలూస్ జబ్బు' అనే మాటతో చెప్తాడు. 1492లో స్పెయిన్ పోగొట్టుకున్న ముస్లిముల తీరులో, పోయిన వైభవం తల్చుకుని కుమిలిపోవడం. దేవిడీలున్నవాళ్ళకి అది ఉండొచ్చు. మా పడమటి ప్రకాశంలో ఎవరికి ఏ రాజ్యం పోయింది? గిద్దలూరు, మార్కాపురం 1800లోనే నిజాం దత్తమండలాలతో కుంఫిణీకి పోయాయి. కనిగిరి సీమ 1801లో ఆర్కాటు నవాబు చేతిలోంచి జారింది. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా అవి కర్నూలు జిల్లాలో, ఇది నెల్లూరు జిల్లాలో ఉన్నాయి. ఆ రెండువందల ఏళ్ళలో మావాళ్ళు దూది ఏకారు, పరుపులు కుట్టారు, గాజులమ్మారు, మేకలు కాశారు, మార్కాపురం పలకల గనుల్లో రాయి మోశారు. మాకు ఏడ్వడానికి అందలూస్ లేదు. మరి మా ఊరి హిందువుకి మా మీద తీర్చుకోవాల్సిన పగ ఎక్కడిది?

ఎక్కడా లేదు. తెచ్చుకున్నాడు. ఆ సంగతి చెప్పేముందు అతని అసలు కష్టాలేమిటో చూడాలి.

కనిగిరి చుట్టుపక్కల నీళ్ళల్లో ఫ్లోరైడ్. నా దోస్తు నాయనకి యాభై దాటేసరికి నడుం వంగింది, మోకాళ్ళు పట్టేశాయి. కంది, సజ్జ, ఆముదం వానని నమ్ముకున్న పైర్లు. వాన నమ్మించి పోతుంది. వెలిగొండ ప్రాజెక్టుకి 1996లో పునాదిరాయి పడింది. మేం ఆ ఏడు హైస్కూల్లో ఉన్నాం. ఆ నీళ్ళ కోసం ఎదురుచూస్తూ మా తరం నడివయసుకొచ్చింది. బోర్లేసి అప్పులు, అప్పు తీర్చడానికి వలస. బెంగుళూరులో రేకుల షెడ్డులో పడక. కన్నడంలో తిట్లు. పైమేస్త్రీ పేరు పెట్టి పిలవడు, ఊరి పేరు పెట్టి పిలుస్తాడు. అతనిది వెనకబడిన కులం. ఊళ్ళో ఆసామి ఇంటిముందు నిలబడే దూరం ఎంతో ఈనాటికీ అతనికి తెలుసు.

ఇన్ని అవమానాల్లో ఒక్కటైనా ముస్లిం చేసిందా? మా జిల్లాలోనే 1985 జూలైలో కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపారు. ఎవరు చంపారు, ఎందుకు చంపారు అన్నది జిల్లా అంతటికీ తెలుసు. భయం అనుభవంలోంచే పుడితే, జిల్లాలో పేద కులాల భయమంతా పెత్తందారీ కులాల మీద ఉండాలి. కానీ భయం అట్లా పనిచేయదు. బలవంతుడి మీద భయం నోట్లో మాటగా రాదు, లోపలే ఉండిపోతుంది. అది బయటికి రావడానికి బలహీనుడొకడు కావాలి. పైవాడిని ఏమీ అనలేని కోపం, ఏమన్నా ఫరవాలేదనే మనిషి కోసం వెతుక్కుంటుంది. ఆ మనిషిని చూపించడమే హిందూత్వ రాజకీయం చేసే పని.

చూపించడం ఒక్కటే కాదు, కూలి కూడా ఇస్తుంది. అమెరికా నల్లజాతి మేధావి డుబోయిస్ 1935లో రాసిన పుస్తకంలో ఒక మాట చెప్పాడు. తెల్ల కూలీకి డబ్బు కూలి తక్కువే ఇచ్చినా, దానిపైన మానసికమైన కూలి ఒకటి ముట్టేదని. అంటే నువ్వు పేదవాడివే అయినా నల్లవాడివి మాత్రం కాదన్న తృప్తి. నాకు ఇది చదివినప్పుడు వెలిగండ్ల గుర్తొచ్చింది. మాది కూలి ఊరు కదా, కూలి భాష తొందరగా అర్థమవుతుంది. బెంగుళూరు షెడ్డులో పేరు లేనివాడు, ఫోను తెరవగానే వెయ్యేళ్ళ చరిత్రకి వారసుడైపోతాడు. ఊళ్ళో ఆసామి గుమ్మం తొక్కనియ్యకపోయినా, ఆ ఫోనులో ఆసామీ తనూ ఒకటే జాతి. ఆ గౌరవానికి ఆసామి పైసా ఖర్చుపెట్టక్కర్లేదు. సెంటు భూమి వదులుకోనక్కర్లేదు. ఖర్చంతా మా ఖాతాలో రాస్తారు.

అందుకే నిజాలు చెప్తే ఈ మనసు మారదు. రిజర్వేషన్ల సంగతే చూడండి. 2024 ఎన్నికల ప్రచారంలో దేశ ప్రధాని స్థాయి నుంచి ముస్లిం రిజర్వేషన్ల మీద మాట్లాడారు. 'మా కోటా మీవోళ్ళు తింటన్నారు' అన్నాడు నా దోస్తు. నేను కాగితం తీసి లెక్కేశాను. బీసీలకి ఏ, బీ, సీ, డీ కలిపి 25 శాతం. 2007లో ముస్లిముల్లో వెనకబడినవాళ్ళకి ఈ గ్రూపు కింద ఇచ్చిన 4 శాతం దానిమీద కలిపిందే గానీ అందులోంచి తీసింది కాదు. మొత్తం 29. దూదేకులవాళ్ళు అంతకుముందు నుంచీ బీ గ్రూపులో మిగతా బీసీలతోపాటే ఉన్నారు. "అట్టనా!" అన్నాడు. ఒప్పుకున్నాడు. నెల తిరిగేసరికి అదే మాట మళ్ళీ పంపాడు. అతను మర్చిపోలేదు. నేను చెప్పిన లెక్క ఒక నిజం మాత్రమే. అతనికి వచ్చే కూలి దాంట్లో లేదు.

ఇక పగ ఎట్లా తెచ్చుకుంటారన్నది. సైప్రస్‌లో పుట్టిన వామిక్ వోల్కన్ అనే మానసిక వైద్యుడు 'ఎన్నుకున్న గాయం' అనే మాట వాడాడు. జాతులు తమకి తగిలిన దెబ్బలన్నీ గుర్తుపెట్టుకోవు. ఒకటి ఎన్నుకుని, తరాల తర్వాత కూడా నిన్ననే తగిలినట్టు దాన్ని పచ్చిగా ఉంచుకుంటాయి. సెర్బులకి 1389 నాటి కొసోవో యుద్ధం ఆరువందల ఏళ్ళ తర్వాత 1989లో మళ్ళీ గాయమైన తీరు ఆయన చూపించాడు. మనకి ఇప్పుడు రజాకార్లు అట్లా అయ్యారు. 2024 మార్చిలో ఆ పేరుతోనే సినిమా వచ్చింది. రజాకార్లు చేసిన ఘోరాలు నిజం. వాటిని దాచాల్సిన అవసరం ఏ ముస్లిముకీ లేదు. కానీ వెలిగండ్ల ఏనాడూ కాశిం రజ్వీ ముఖం చూడలేదు. 1948లో మేం మద్రాసు రాష్ట్రంలో ఉన్నాం. నా దోస్తు ఆ సినిమా చూసొచ్చి "మనల్ని ఎన్ని బాధలు పెట్టారు బావా" అన్నాడు. 'మనల్ని' అన్న మాటలో నేనున్నానో లేదో అతనికే తెలియదు.

గాయాన్ని ఎన్నుకునేటప్పుడు కొన్ని వదిలేస్తారు. 1948 ఆగస్టులో రజాకార్లు నరికి చంపిన షోయబుల్లాఖాన్ ముస్లిం. 'ఇమ్రోజ్' అనే ఉర్దూ పత్రిక సంపాదకుడు. నేను రెండు భాషల్లో వార్తలు రాసి బతుకుతున్నవాణ్ణి, ఆయన నా వృత్తికి పెద్దదిక్కు. అంతకుముందే 1940లో విసునూరు దేశముఖ్‌మీద భూమి కోసం కోర్టుకెక్కి నిలబడి, హత్యకి గురైన బందగీ కూడా ముస్లిమే. ఇక పోలీసు చర్య తర్వాతి రోజుల్లో చనిపోయినవాళ్ళు 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటారని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. ఆ నివేదిక జనం కంటపడటానికి అరవై ఏళ్ళకి పైగా పట్టింది. ఇవి కూడా కలిపి చెప్తే అది చరిత్ర. ఇవి తీసేసి చెప్తే అది అరువు తెచ్చుకున్న గాయం. అరువు గాయానికి మందు లేదు, ఎందుకంటే ఒంటిమీద అది ఎక్కడా లేదు.

ఇప్పుడు మొదటి మాటకి వస్తాను. ఇంత భయం, ఇంత పగ ఉన్నప్పుడు పక్కింటి సాయిబుతో కలిసి టీ తాగడం ఎట్లా? పీరు ఎత్తడం ఎట్లా? రక్తమివ్వడం ఎట్లా? చాలామంది మిత్రులు దీన్ని చూపించే ధైర్యం చెప్తారు. 'పల్లెల్లో ఇంకా సఖ్యత ఉంది, చూడు' అంటారు. నేను కూడా అట్లాంటి వార్తలు చాలా రాశాను. దర్గా దగ్గర అన్ని కులాలవాళ్ళు, మలీదా పంచుకుంటున్న ఫొటో. ఆ సఖ్యత అబద్ధం కాదు. అయితే ఆ ద్వేషం ఈ సఖ్యతని పగలగొట్టకుండానే దాని పక్కన కాపురం పెట్టగలదు. దానికి తలుపు తీసే తాళంచెవే 'నువ్వు అట్టాంటోడివి కాదులే' అన్న మాట.

మొహం ఉన్న ముస్లిం ఒకడు, మొహం లేని ముస్లిం ఒకడు. మొహం ఉన్నవాడు నేను, గాజుల ఖాలా, మోటారు రిపేరు చేసే భాయి. మొహం లేనివాడు ఫోనులో ఉంటాడు. మాలో మంచి ఎంత కనిపించినా అది రెండోవాడి ఖాతాలో జమకాదు. మమ్మల్ని ఒక్కొక్కళ్ళనే మినహాయించి పక్కన పెడతారు, సూత్రం మాత్రం చెక్కుచెదరదు. పైగా మినహాయింపు ఇచ్చినవాడికి 'నాకు ద్వేషం లేదు, నా స్నేహితుల్లో సాయిబులున్నారు' అనే సంతృప్తి కూడా దక్కుతుంది. అంటే మా స్నేహమే ఆ ద్వేషానికి మంచి నడవడిక సర్టిఫికెట్టు అవుతోంది.

2020లో ఇది కళ్ళారా చూశాం. మార్చి నెలాఖరున ఢిల్లీ మర్కజ్ సంగతి బయటపడగానే కరోనాకి గడ్డం, టోపీ వచ్చాయి. మా ఊళ్ళో రోజూ వచ్చే కూరగాయల భాయి దగ్గర ఆడవాళ్ళు కొన్నారు. "నువ్వైతే ఫరవాలేదు భాయీ" అన్నారు. పక్క ఊరి నుంచి అరటిపళ్ళ బండి తోసుకొచ్చిన ముసలాయన్ని వీధి మొదట్లోనే ఆపేశారు. ఆయన్ని ఆపిన గుంపులో మా దగ్గరే కూరగాయలు కొన్నవాళ్ళున్నారు. అదే ఏడు ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి తబ్లీగీ విదేశీయుల మీద పెట్టిన కేసులు కొట్టేస్తూ, వాళ్ళని బలిపశువుల్ని చేశారని చెప్పింది. తీర్పు వచ్చేసరికి అరటిపళ్ళు ఎప్పుడో కుళ్ళిపోయాయి.

మన సినిమాలు కూడా ఈ మినహాయింపునే కళగా చేశాయి. 2002లో వచ్చిన కృష్ణవంశీ 'ఖడ్గం'లో ప్రకాశ్‌రాజ్ వేసిన అంజద్ పాత్రని చాలామంది లౌకికవాదులు మెచ్చుకున్నారు. దేశం కోసం గొంతు చించుకునే మంచి ముస్లిం. కానీ అంజద్‌కి ఆ మంచితనం ఊరికే రాలేదు. తమ్ముడు తీవ్రవాది. తమ్ముడి పాపం ఎదురుగా నిలబెట్టి అన్న పుణ్యాన్ని పరీక్ష పెట్టారు. ఆ సినిమాలో మిగతావాళ్ళకి ప్రేమలున్నాయి, ఆశలున్నాయి, సినిమా వేషాల కోసం తిరగడాలున్నాయి. అంజద్‌కి మాత్రం దేశభక్తే ప్రధానమైన పని. 'అట్టాంటోడు కాదు' అని రుజువు చేసుకోవడమే మంచి ముస్లిం బతుకు అని ఆ పాత్ర చెప్తుంది. 1991లోనే ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' రాసి, మాకు తెలియని నేరాలకి మేం ఎందుకు ముద్దాయిలమని అడిగాడు. ఆ తర్వాత పదకొండేళ్ళకి కూడా తెలుగు సినిమా మమ్మల్ని బోనులోంచి దించలేదు. కాకపోతే మాలో ఒకడికి బోనులో కుర్చీ వేసింది.

ఇంతవరకు ఎదుటివాళ్ళ గురించి చెప్పాను. ఇక్కడ ఆగితే ఈ వ్యాసం సగం అబద్ధం.

మా ఇంట్లో ఉర్దూ మాట్లాడతాం. మా వీధి చివర నూర్‌బాషీల ఇళ్ళు, వాళ్ళు మాట్లాడేది తెలుగు. చిన్నప్పుడు మా ఇంట్లో వాళ్ళని సగం ముస్లిములనేవాళ్ళు. 'తురకలు లేని ఊళ్ళో దూదేకులవాడే ముల్లా' అన్న సామెతకి మావాళ్ళే ఎక్కువ నవ్వేవాళ్ళు. 'పింజారి' అన్న కులం పేరుని తెలుగువాళ్ళు తిట్టుగా మార్చితే మేం అభ్యంతరం చెప్పలేదు సరికదా, మేమూ వాడాం. కాలేజీలో ఒక నూర్‌బాషీ కుర్రాడు నాకు మంచి దోస్తు. చదువుకున్నవాడు, నమాజు తెలిసినవాడు. ఒకరోజు అతనితో నేనన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది. "నువ్వు దూదేకులోడిలా ఉండవు" అన్నాను. మెప్పుగానే అన్నాను. అతను నవ్వాడు, నేను నవ్వినట్టే.

అప్పుడు నాకేం కూలి ముట్టింది? మేం పేదవాళ్ళం. అబ్బా సైకిల్ షాపు. హిందూ పెద్దిళ్ళల్లో మాకు గ్లాసు వేరే. కానీ నూర్‌బాషీల ముందు మేం అసలు ముస్లిములం. ఆ కాస్త ఎత్తు కోసం అతన్ని తనవాళ్ళలోంచి పీకి పక్కన పెట్టాను. ఇవాళ కొందరు మతపెద్దలు పీర్ల పండగ షిర్క్ అని, దర్గాలకి పోవద్దని చెప్పి, ఊళ్ళో మిగిలిన ఆ ఒక్క ఉమ్మడి చోటు నుంచి మావాళ్ళని వెనక్కి లాగుతున్నప్పుడు, వాళ్ళు చెప్పే మాటల్లో కూడా ఈ కూలి ఉంది. రోజంతా ఎవరెవరి దగ్గరో తల వంచినవాడికి, సాయంత్రం 'నువ్వు అసలైనవాడివి' అని చెప్పేవాడు తియ్యగా కనిపిస్తాడు. ఈ రెంటినీ నేను త్రాసులో సమానం చెయ్యడం లేదు. ఒకదాని వెనక ప్రభుత్వం ఉంది, బుల్‌డోజరుంది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు కలగజేసుకుని, నిందితుడైనంత మాత్రాన ఇల్లు కూల్చకూడదని చెప్పాల్సి వచ్చింది. రెండోదానికి ఆ బలం లేదు. కానీ మనసు చేసే పని ఒకటే. నాలో దాన్ని గుర్తుపట్టలేకపోతే నా దోస్తులో ఉన్నదాన్ని అర్థం చేసుకునే హక్కు నాకు లేదు.

అందుకని లౌకిక మిత్రులకి నా విన్నపం. దయచేసి ఈ మనసుని పిచ్చి అని పిలవడం మానండి. ఈ మనిషికి ఏ కూలి ఎగ్గొట్టి దాని బదులు ఈ కూలి ఇస్తున్నారని అడగండి. వెలిగొండ నీళ్ళ గురించి, ఫ్లోరైడ్ లేని బిందెడు నీళ్ళ గురించి, బెంగుళూరు షెడ్డులో పేరు పెట్టి పిలిపించుకునే హక్కు గురించి మాట్లాడకుండా మతసామరస్యం గురించి మాత్రమే మాట్లాడితే, మీ మాట ఆసామి మాటలాగే వినిపిస్తుంది. మా ఫొటోలు, మా మలీదా, మా ఖవ్వాలీ చూపించి మేం మంచివాళ్ళమని రుజువు చేసే పని కూడా ఇక ఆపండి. మంచివాళ్ళం కాకపోయినా పౌరులమే.

మావాళ్ళకి చెప్పేది ఇంకా చిన్నది. ఎవరైనా మిమ్మల్ని మినహాయిస్తే సంతోషపడకండి. నేను ముప్పై ఏళ్ళు సంతోషపడ్డాను. దాని ధర అరటిపళ్ళ ముసలాయన కట్టాడు.

ఆరోజు టీ బంకులో నా దోస్తు "నువ్వు అట్టాంటోడివి కాదులే" అన్నప్పుడు నేను మొదటిసారి ఇట్లా అన్నాను: "కాదు బావా, నేను అట్టాంటోణ్ణే. ఆ వీడియోలో ఉన్నాయన ఎవరో నాకు తెలీదు. ఆయన తప్పు మాట్లాడితే అది ఆయన తప్పు. కానీ నువ్వు 'మీవోళ్ళు' అన్నావే, అందులో నేనున్నాను. మా అమ్మీ ఉంది. నువ్వు రక్తమిచ్చిన మా అబ్బా ఉన్నాడు. వాళ్ళని తీసేసి నన్నొక్కణ్ణే నీ పక్కన కూర్చోబెట్టుకోలేవు."

అతను చాలాసేపు మాట్లాడలేదు. ఫోను జేబులో పెట్టుకున్నాడు. కోపమొచ్చిందేమో అనుకున్నాను. టీ డబ్బులు నేనివ్వబోతే చెయ్యి పట్టుకుని తనే ఇచ్చాడు. "రాత్రికి పీరు లేస్తది. వస్తన్నావు గదా?" అన్నాడు. పోయాను. గుండం దగ్గర జనంలో అతను పీరు ఎత్తుకుని వస్తుంటే పక్కకి జరిగి దారిచ్చాను. అతని మనసు మారిందని చెప్పలేను. కానీ ఆ తర్వాత అతని దగ్గర్నుంచి ఏ వీడియో వచ్చినా, చూసి ఊరుకోవడం లేదు. ఆ 'మీవోళ్ళు' ఎవరో పేరు చెప్పమని అడుగుతున్నాను.